ఇంటి చదువులో ఒక ఆకాశపు రోజు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పిల్లలను బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివించుకుంటున్న కుటుంబాల నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉత్తరాలు ఈసారి కొన్ని కలిసివచ్చాయి. బొమ్మలు గీయడం, సైన్సు, అంతరిక్ష చరిత్ర అనే మూడింటినీ పిల్లలకు కలిపి ఎలా నేర్పాలన్నదే అన్నింటిలోనూ ఉన్న సందేహం కనుక వాటికి ఇక్కడ ఒకచోటే జవాబులిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు, అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నాం. కిందటి నెలలో ఒక రోజంతా చిత్రలేఖనం, సైన్సు, అంతరిక్ష చరిత్ర అని పెట్టుకున్నాం. పొద్దున గ్రహాల బొమ్మలకు రంగులు వేయించాను. తరువాత వంటసోడా, వెనిగర్ కలిపి అగ్నిపర్వతం పొంగించాం. భోజనాలయ్యాక మనిషి చంద్రుడి మీద దిగిన వీడియో చూపించాను. పిల్లలు సరదాగానే గడిపారు గాని, వారం తరువాత అడిగితే అగ్నిపర్వతం పొంగి చాప పాడైన సంగతి తప్ప వాళ్లకు ఇంకేమీ గుర్తు లేదు. "బడికి పంపకుండా బొమ్మలు గీయిస్తూ కూర్చుంటే ఎలాగమ్మా" అని మా అత్తగారు అంటున్నారు. ఈ మూడూ ఒకే రోజులో కలుస్తాయా? ఇందుకోసం టెలిస్కోపు కొనాలా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: కలుస్తాయి. అయితే మీరు ఆ రోజు వాటిని కలపలేదు, ఒకదాని తరువాత ఒకటి పేర్చారు. ముందే అచ్చు వేసి ఉన్న గ్రహాల బొమ్మకు రంగు పూసేటప్పుడు పిల్లవాడికి దేన్నీ పరీక్షగా చూడవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే చూసే పని ఇంకెవరో చేసి, గీత గీసి ఇచ్చేశారు. అగ్నిపర్వతానికీ ఆ తరువాతి వీడియోకూ సంబంధమేమిటో పిల్లలకు మీరూ చెప్పలేదు, వాళ్లకై వాళ్లకూ తోచలేదు. చాప సంగతి మాత్రం గుర్తుండటంలో వింత లేదు. ఆ రోజు మొత్తంలో వాళ్ల కళ్లెదుట అనుకోకుండా జరిగినది అదొక్కటే.

నేను చెప్పదలచినది ఒక్కటే. రోజుకు ఒకే వస్తువును ఎంచుకోండి. దాన్ని చూసి ముందుగా చేత్తో గీయించండి. గీసేటప్పుడు వాళ్లకు వచ్చిన సందేహానికి జవాబుగానే సైన్సు చెప్పండి. మనకంటే ముందు అదే వస్తువును చూసి తికమకపడినవారి కథగా చరిత్రను ఆ తరువాత తీసుకురండి. మొదటిసారికి చంద్రుడే మేలు. ఖర్చు లేదు, మేడ ఎక్కితే కనిపిస్తాడు.

రోజును ఎంచుకోవడంలోనే చాలామంది పొరపడతారు. పౌర్ణమి నాటి చంద్రుడు చూడటానికి అందంగా ఉంటాడు గాని, పరిశీలనకు అంతకంటే పనికిరాని రోజు లేదు. ఆనాడు సూర్యకాంతి చంద్రుడి మీద మన వెనుక నుంచి సూటిగా పడుతుంది కనుక కొండలకు, గుంటలకు నీడలు ఉండవు, అంతా చదునుగా కనిపిస్తుంది. శుద్ధ సప్తమి, అష్టమి, నవమి రోజులైతే వెలుగు పక్కనుంచి పడి, వెలుగుచీకట్ల సరిహద్దు వెంబడి నీడలు పొడుగ్గా సాగుతాయి. ఆ రోజు ఎప్పుడో పంచాంగం చూసి చెప్పే పని మీ అత్తగారికి అప్పగించండి. తిథి అంటే ఆకాశంలో చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీల చొప్పున ఎడమవడమే. అష్టమి సగం గడిచేసరికి ఆ ఎడం సరిగ్గా 90 డిగ్రీలవుతుంది, అందుకే అప్పుడు సగం బింబం వెలుగుతుంది. నాయనమ్మ వేలి కణుపుల మీద లెక్కపెట్టే తిథులు ఖగోళ శాస్త్రమేనని పిల్లలకు ఆ పూటే తెలుస్తుంది. బొమ్మల మీద ఆవిడకున్న అభ్యంతరం కూడా కొంత మెత్తబడవచ్చు.

పొద్దున చేయవలసిన పనికి ఒక పళ్లెం, బంకమట్టి, టార్చిలైటు చాలు. మట్టి దొరకకపోతే చపాతీ పిండి గట్టిగా కలిపి పళ్లెంలో పరవండి. గోలీతో అక్కడక్కడ గుంటలు నొక్కించండి, వేళ్లతో గిల్లి రెండు మూడు గుట్టలు లేపించండి. గదిలో కిటికీలు మూసి, టార్చి వెలుగును ముందు పై నుంచి నిట్టనిలువుగా వేసి చూపించండి. గుంటా గుట్టా ఒకలాగే ఉంటాయి. తరువాత టార్చిని పళ్లెం అంచు మట్టానికి దించి పక్కనుంచి వేయండి. అప్పుడు ఏమీ వివరించకుండా, కనిపిస్తున్నదాన్ని గీయమనండి. కాగితం కంటే పాతకాలపు పలక ఈ పనికి బాగా నప్పుతుంది, ఎందుకంటే నల్లటి పలక మీద సుద్దముక్కతో మనం గీసేది వెలుగును. నీడ దానంతట అదే మిగులుతుంది. తెల్ల కాగితం మీద పెన్సిలుతో గీసే పిల్లలు ముందు వస్తువు అంచులు గీసి, నీడను ఆఖరున అలంకారంగా రుద్దుతారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. గుట్టకు నీడ టార్చికి అవతలివైపు పడుతుంది. గుంటలో మాత్రం టార్చికి దగ్గరగా ఉన్న గోడే చీకటిగా ఉండి, అవతలి గోడ వెలుగుతుంది. ఎనిమిదేళ్ల పాప రెండింటికీ నీడ ఒకేవైపు వేసే అవకాశం చాలా ఉంది. తప్పని చెప్పకండి, చెరిపి మీరు దిద్దకండి. మళ్లీ పళ్లెం దగ్గరకు పంపి, గుంట లోపలికి చూడమనండి. తన కళ్లతో తాను కనిపెట్టిన ఆ తేడాయే సాయంత్రం ఆకాశంలో గుంట ఏదో కొండ ఏదో పోల్చుకునే సాధనమవుతుంది. ఆ రోజు మిగతా పనులేవీ పూర్తికాకపోయినా నష్టం లేదు, ఇదొక్కటీ తొందర లేకుండా జరగాలి.

భోజనాల తరువాత చెప్పవలసిన కథ సరిగ్గా ఈ నీడ గురించే. 1609 వేసవిలో థామస్ హారియట్ అనే ఆంగ్లేయుడు ఆరు రెట్లు పెద్దది చేసి చూపే టెలిస్కోపుతో చంద్రుడిని చూసి బొమ్మ గీశాడు. మనకు తెలిసినంతలో టెలిస్కోపులో చూసి గీసిన తొలి చంద్రబింబాల్లో అది ఒకటి. వెలుగుచీకట్ల సరిహద్దును అతడు గజిబిజిగా, వంకరటింకరగా గీశాడే తప్ప ఆ వంకర ఎందుకో అతడికి అంతుపట్టలేదు. అదే సంవత్సరం చలికాలంలో ఇటలీలో గెలీలియో సుమారు ఇరవై రెట్ల టెలిస్కోపుతో చూసి, తడి కుంచెతో వెలుగునీడలు దిద్ది చంద్రుడిని చిత్రించాడు. చిన్నతనంలో చిత్రలేఖనం నేర్చుకున్నవాడు కావడం వల్ల ఆ మచ్చలు నీడలని, నీడలున్నాయంటే కొండలూ గుంటలూ ఉన్నాయని పోల్చుకున్నాడు. చీకటి భాగంలో విడిగా మెరుస్తున్న చుక్కలు ఎండ తగిలిన శిఖరాలని గ్రహించి, వాటి దూరాన్ని బట్టి కొండల ఎత్తును కూడా లెక్కగట్టాడు. ఆ చిత్రాలతో అతడి పుస్తకం 1610 మార్చిలో అచ్చయింది. అది వెలువడిన తరువాత 1610 జులైలో హారియట్ గీసిన బొమ్మల్లో గుంటలు స్పష్టంగా కనిపిస్తాయి. టెలిస్కోపు మెరుగుపడటం అందుకు కొంత కారణమైతే, ఏమి చూడాలో ముందే తెలియడం మరింత కారణం. పొద్దున పళ్లెం ముందు తడబడిన పిల్లలకు హారియట్ మీద ఇట్టే అభిమానం కలుగుతుంది. గెలీలియోను మహానుభావుడని పొగిడి ఊరుకునే పాఠాల్లో ఈ సగం ఉండదు.

అష్టమి నాడు చంద్రుడు మధ్యాహ్నానికే ఉదయిస్తాడు కనుక మూడు గంటలకు మేడ ఎక్కితే తూర్పు ఆకాశంలో తెల్లగా, పలచగా కనిపిస్తాడు. పగలు చంద్రుడిని చూడవచ్చని తెలియని పెద్దలే చాలామంది ఉన్నారు. పొద్దు గూకేసరికి అతడు బాగా పైకి వస్తాడు గనుక మెడ నొప్పెట్టకుండా చాప వేసుకుని పడుకుని చూడటం మేలు. టెలిస్కోపు ఇప్పుడే వద్దు. ఎవరి దగ్గరైనా బైనాక్యులర్స్ ఎరవు తెచ్చుకోండి. 7×50 అని రాసి ఉంటే ఏడు రెట్లు పెద్దది చేస్తుందని, ముందు అద్దం 50 మిల్లీమీటర్లని అర్థం. అంటే హారియట్ చేతిలో ఉన్నదానికంటే మీ పిల్లల చేతిలో ఉన్నదే మెరుగన్నమాట. బింబమంతా గీయాలని పట్టుపట్టకుండా, వెలుగుచీకట్ల సరిహద్దు దగ్గర ఒక చిన్న ముక్కనే గీయించండి. పలక వెనుక తేదీ, తిథి, గంట రాసి ఫోటో తీసి ఉంచితే వచ్చే నెల అష్టమికి పోల్చుకోవచ్చు.

వీడియో చూపాలనుకుంటే ఇప్పుడు చూపండి, అదీ కొద్దిసేపే. 1969 జులై 20న అపోలో 11 దిగిన చోట అప్పుడే తెల్లవారి, సూర్యుడు దిగంతం నుంచి పదకొండు డిగ్రీల ఎత్తులోపే ఉన్నాడు. నీడలు పొడుగ్గా ఉంటేనే గుంటలు, బండరాళ్లు వ్యోమగాముల కంటబడతాయి కనుక కావాలనే ఆ వేళను ఎంచుకున్నారు. మీ పిల్లలు టార్చిని కిందికి దించిన కారణమూ అదే. మన చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు దక్షిణ ధ్రువ ప్రాంతంలో, 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర దిగింది. అక్కడ కూడా అప్పుడు ఉదయమే. సౌరఫలకాల మీద నడిచే యంత్రం కనుక దాదాపు పద్నాలుగు రోజుల చంద్రుడి పగలు మొత్తం కలిసిరావాలని అలా పెట్టుకున్నారు. ఆ సాయంత్రం మనకు నిజ శ్రావణ శుద్ధ సప్తమి. అంటే మీరు చూస్తున్న సగం చంద్రుడిలాంటి చంద్రుడి మీదే అది దిగింది.

మీ అబ్బాయికి బొమ్మల మీద ఆసక్తి ఎక్కువుంటే ఇద్దరి పేర్లు చెప్పండి. 1965 మార్చి 18న అంతరిక్ష నౌక నుంచి తొలిసారి బయటికి వచ్చి సుమారు 12 నిమిషాలు తేలిన అలెక్సీ లియోనొవ్ తనతో రంగు పెన్సిళ్లు తీసుకువెళ్లాడు. అవి తేలిపోకుండా దారాలతో మణికట్టు పట్టీకి కట్టుకుని, పైనుంచి కనిపించిన సూర్యోదయాన్ని గీశాడు. అంతరిక్షంలో గీసిన మొదటి బొమ్మ అదే. 1969 నవంబరులో అపోలో 12లో వెళ్లి చంద్రుడి మీద నడిచిన నాలుగో మనిషి అలన్ బీన్ 1981లో ఉద్యోగం మాని పూర్తిగా చిత్రకారుడైపోయాడు. తన చిత్రాల అడుగు పూత ఆరకముందే దాని మీద బూటు అచ్చులు, సుత్తి గాట్లు వేసి ఆపైన రంగులు వేసేవాడు. వీళ్ల గురించి విన్న పిల్లవాడు బొమ్మలా సైన్సా అన్న ప్రశ్న ఇంట్లో మళ్లీ వచ్చినప్పుడు మీ సహాయం లేకుండానే జవాబు చెప్పుకోగలడు.

ప్రశ్న: మాది అరసవల్లికి దగ్గర. సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకే రోజున మా అబ్బాయిని తీసుకువెళ్లాం. అప్పటి నుంచి వాడు "ఏడాదికి రెండుసార్లే ఎందుకు? రథసప్తమి నాడు ఎందుకు తాకవు?" అని అడుగుతున్నాడు. దీన్ని ఇంటి పాఠంగా ఎలా మలచాలి?
– ఒక తండ్రి, శ్రీకాకుళం

జవాబు: కళింగ గాంగరాజు దేవేంద్రవర్మ ఏడో శతాబ్దంలో కట్టించాడని చెప్పే ఆ ఆలయాన్ని మించిన ఖగోళ పాఠం మీ జిల్లాలో మరొకటి లేదు. సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండు రోజులే; మార్చి 20, 21 ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో మరోసారి. ఈ రోజులనే విషువత్తులు అంటారు. కిరణాలు తాకే రోజులు మార్చి 10కి అటూ ఇటూ, మళ్లీ అక్టోబరు మొదట్లో వస్తాయి. అంటే మొదటిది మార్చి విషువత్తుకు పది రోజుల ముందు, రెండోది సెప్టెంబరు విషువత్తుకు పది రోజుల తరువాత. ఆ రెండు సందర్భాల్లోనూ సూర్యుడు తూర్పుకు సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా, దాదాపు ఒకే బిందువు దగ్గర ఉదయిస్తాడు. ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, దక్షిణానికి తిరిగి వస్తూ ఒకసారి ఆ బిందువును దాటుతాడు కనుక రెండుసార్లే. రథసప్తమి జనవరి చివరనో ఫిబ్రవరిలోనో వస్తుంది. అప్పటికి సూర్యోదయం తూర్పుకు పదకొండు డిగ్రీలకు పైగా దక్షిణంగా జరుగుతుంది, కాబట్టి గర్భగుడికి దారితీసే ద్వారాల వరుసలోకి ఆ వెలుగు రాదు.

మీ అబ్బాయి అడగని ప్రశ్న ఒకటుంది, అడగవలసినది నిజానికి అదే. రెండు మూడు రోజులకే కిరణాలు ఎందుకు తప్పుకుంటాయి? శ్రీకాకుళం అక్షాంశంలో సూర్యోదయ బిందువు తూర్పుకు అటు 25 డిగ్రీలు, ఇటు 25 డిగ్రీలు ఊగుతుంది. ఈ ఊపు అన్ని రోజుల్లోనూ ఒకే వేగంతో సాగదు. డిసెంబరు చివరా జూన్ చివరా సూర్యుడు రోజుల తరబడి ఒకేచోట ఉదయిస్తున్నట్టే ఉంటాడు. విషువత్తుల దగ్గర మాత్రం రోజుకు 0.4 డిగ్రీలు జరుగుతాడు. సూర్యబింబం వెడల్పే సుమారు అర డిగ్రీ. అంటే ఆ రోజుల్లో దాదాపు తన ఒళ్లంత మేర రోజూ పక్కకు జరుగుతాడన్నమాట. ఇరుకైన దారి గుండా లోపలికి వచ్చే కిరణం అందుకే మూడో నాటికో నాలుగో నాటికో తప్పిపోతుంది. అక్టోబరులో మబ్బు పడితే ఆ మాత్రం కూడా కనిపించదు.

పాఠంగా మలచడానికి మీ మేడ చాలు. తూర్పు దిగంతాన్ని, అంటే అక్కడి కొబ్బరి చెట్లు, నీళ్ల ట్యాంకు, సెల్ టవరు అన్నీ ఒక పొడుగాటి కాగితం మీద బొమ్మగా గీయించండి. క్యాలెండరు వెనుక తెల్ల భాగాలు అతికిస్తే సరిపోతుంది. ప్రతి ఆదివారం సూర్యుడు ఏ చెట్టు పక్కన ఉదయించాడో దాని మీద గుర్తు పెట్టించండి. సూర్యబింబాన్ని తదేకంగా చూడనివ్వకండి, బైనాక్యులర్స్ ఆ పూట పెట్టెలోనే ఉండాలి. చిన్నపిల్లలైతే సూర్యుడి వైపు చూసే పనే లేకుండా, నిలబెట్టిన కర్ర నీడ మేడ మీద ఎటు పడిందో సుద్దతో గీయించినా సరిపోతుంది. సూర్యుడు దక్షిణానికి జరిగితే నీడ ఉత్తరానికి జరుగుతుంది. అదే కర్రతో మరో రోజు కూడా చూపవచ్చు. మే 12, 13 ప్రాంతంలో, మళ్లీ జులై చివర, మీ ఊళ్లో నడిమధ్యాహ్నం నిటారు కర్రకు నీడ ఉండదు. మేలో అది పన్నెండు కొట్టకముందే, 11 గంటల 50 నిమిషాల ప్రాంతంలో జరుగుతుంది, ఎందుకంటే మన గడియారాలు 82.5 డిగ్రీల రేఖాంశపు వేళను చూపుతాయి, మీరు దానికి తూర్పున ఉన్నారు.

చరిత్ర కోసం వెంటనే రష్యాకో అమెరికాకో పోనక్కరలేదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత వేధశాల, అంటే ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం, నెలకొల్పుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి, 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా దాటడాన్ని అక్కడినుంచి పరిశీలించారు. రాకెట్ల కథకు ముందు పిల్లలకు ఈ కథ చెప్పడం నాకు న్యాయమనిపిస్తుంది.

ప్రశ్న: ఇదంతా బాగుంది, మరి పదో తరగతి పరీక్ష సంగతి ఏమిటి? చట్టం ఒప్పుకుంటుందా? ఈ బొమ్మల పుస్తకాలు ఎక్కడైనా పనికొస్తాయా?
– ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ వర్తిస్తుంది. పిల్లలను దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల కర్తవ్యమని దాని పదో సెక్షను చెబుతుంది గాని, చేర్చని తల్లిదండ్రులకు శిక్ష ఏదీ అందులో లేదు. ఇంటి చదువు గురించి విడిగా ఒక్క మాటా లేదు. కాబట్టి చట్టం దీన్ని స్పష్టంగా అనుమతించిందని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి, జైలుకు పంపుతుందని భయపెట్టినా నమ్మకండి. తిరిగి బడిలో చేర్చాలనుకుంటే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని అదే చట్టం నాలుగో సెక్షను చెబుతుంది. ఆ తలుపు మూసుకోకుండా జనన ధ్రువపత్రం, పాత బడి కాగితాలు భద్రంగా ఉంచుకోండి.

పరీక్షకు రెండు దారులున్నాయి. రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూల్) ద్వారా గాని, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్.ఐ.ఓ.ఎస్.) ద్వారా గాని పద్నాలుగేళ్లు నిండినవారు పదో తరగతి పరీక్ష రాయవచ్చు. జాతీయ సంస్థలో అంతకు ముందే మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలు కూడా ఉన్నాయి. ఆ సంస్థ పదో తరగతిలో చిత్రలేఖనం ఒక పరీక్షాంశమే, మార్కులు మిగతావాటితో సమానంగా లెక్కకు వస్తాయి. ఇంట్లో గీసిన పుస్తకాలను ఎవరూ అడగరు; వాటిని అప్పగించడానికని కాక, మీ పిల్లలు ఏడాదిలో ఎంత ఎదిగారో మీకు తెలియడానికే దాచండి.

ప్రశ్న: మా మనవరాలికి ఆరేళ్లు. ఒకచోట కూర్చోదు. వాళ్ల అన్నయ్యకు నేర్పే అంతరిక్ష చరిత్ర దీనికి ఎలా చెప్పమంటారు?
– ఒక నాయనమ్మ, నరసన్నపేట

జవాబు: కూర్చోబెట్టకండి. మీకు ముగ్గు పెట్టడం వచ్చు గదా, చరిత్రను వాకిట్లో అసలు కొలతతో ముగ్గుగా వేసి చూపించండి. ఒక మేకు, దారం ఉంటే ఎంత వలయమైనా సున్నాలా వస్తుంది. 1957 అక్టోబరు 4న భూమి చుట్టూ తిరిగిన మొదటి ఉపగ్రహం స్పుత్నిక్ 58 సెంటీమీటర్ల గోళం. దారం 29 సెంటీమీటర్లు పట్టుకుని తిప్పితే చాలు. పాప చేతులు చాచి దాన్ని కౌగిలించుకునేంతే ఉంటుంది. లోపల 83 కిలోల పైచిలుకు బరువు కుక్కారని వాళ్ల అన్నయ్యను చెప్పనివ్వండి. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ కూర్చుని 108 నిమిషాల ప్రయాణం చేసిన గోళం 2.3 మీటర్ల వెడల్పు, దారం 115 సెంటీమీటర్లు. ఈ ముగ్గులో పాపను కుర్చీ వేసి కూర్చోబెట్టి, మీరు కూడా పక్కన దూరడానికి ప్రయత్నించండి. అందులో ఒక్కరే ఎందుకు వెళ్లారో మాటలతో చెప్పవలసిన పని ఉండదు. 1975 ఏప్రిల్ 19న వెళ్లిన మన ఆర్యభట గుండ్రంగా కాక 26 ముఖాలతో ఉంటుంది, బరువు 360 కిలోలు. చంద్రుడి మీద తిరిగిన ప్రజ్ఞాన్ 26 కిలోల చిన్న బండి; సుమారు 90 సెంటీమీటర్ల పొడుగు, 75 సెంటీమీటర్ల వెడల్పు నాలుగు గీతలతో అయిపోతుంది.

మట్టి వాకిలి లేక సిమెంటు నేలే ఉంటే జేగురు పూసి దాని మీద బియ్యప్పిండితో వేయండి. మన్యంలో సవరలు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో గీసే బొమ్మల్లో పైన సూర్యుడు, చంద్రుడు తరచుగా కనిపిస్తారు. మీ వాకిట్లో కూడా వాటిని పెట్టించండి. కొలత మాత్రం వాటికి కుదరదు, ఆ సంగతి పాపే అడిగితే మరీ మంచిది.

ప్రశ్న: నాకు పదేళ్లు. మేము ఇంట్లోనే చదువుకుంటున్నాం. రాకెట్లు తూర్పు సముద్రం వైపే వేస్తారని అమ్మ చెప్పింది. మా బారువ కూడా తూర్పు తీరంలోనే ఉంది కదా, మరి మా ఊరి నుంచి ఎందుకు వేయరు?
– ఒక బాలుడు, బారువ

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న నీదే. మీ అమ్మగారు చెప్పింది నిజం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కనుక తూర్పు వైపు వేసిన రాకెట్టుకు ఆ వేగం ఊరికే కలిసివస్తుంది. పైగా ఇంధనం ఖాళీ అయి విడిపోయే రాకెట్టు భాగాలు (అంచెలు) ఊళ్ల మీద కాక సముద్రంలో పడతాయి. ఈ రెండు సౌకర్యాలూ బారువకు ఉన్నాయి. ఊరికే కలిసివచ్చే వేగం భూమధ్యరేఖ దగ్గర అన్నిటికంటే ఎక్కువ, సెకనుకు 465 మీటర్లు. శ్రీహరికోటలో అది సుమారు 452 మీటర్లు, మీ ఊళ్లో సుమారు 440 మీటర్లు. ఉపగ్రహం భూమి చుట్టూ తిరగాలంటే సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగం కావాలి గనుక ఈ పన్నెండు మీటర్ల తేడా నిన్ను ఓడించదు.

నిన్ను ఓడించేది స్థలం. శ్రీహరికోట ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం ఉన్న పొడుగాటి నేల, సుమారు 43 వేల ఎకరాలు. రాకెట్టు పేలినా ఎవరికీ హాని కలగనంత దూరం వరకు జనం ఉండకూడదు. బారువ చుట్టూ ఊళ్లున్నాయి, వేటకు వెళ్లే పడవలున్నాయి, కొబ్బరి తోటలున్నాయి. మ్యాపు చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. బంగాళాఖాతం పైకి వచ్చేకొద్దీ ఇరుకవుతుంది కనుక తూర్పున నీకు ఉన్న సముద్రం శ్రీహరికోటకు ఉన్నదానికంటే తక్కువ. శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్టు రోహిణి 1971 అక్టోబరు 9న ఎగిరింది. 1980 జులై 18న మన సొంత రాకెట్టు మన సొంత ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిందీ అక్కడి నుంచే. శ్రీహరికోటకూ ఒక ఇబ్బంది ఉంది. దక్షిణానికి వేయాలంటే శ్రీలంక అడ్డు వస్తుంది, రాకెట్టు ఒంపు తిరిగి పోవాలి. అందుకే చిన్న రాకెట్ల కోసం తమిళనాడు దక్షిణ కొసన కులశేఖరపట్నంలో మరో కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేశారు.

వేగాల లెక్కను నువ్వే సరిచూసుకోవచ్చు. ఇంట్లో గ్లోబు ఉంటే భూమధ్యరేఖ మీద ఒక దారం చుట్టి కత్తిరించు. శ్రీహరికోట మీదుగా భూమధ్యరేఖకు సమాంతరంగా ఇంకొకటి, బారువ మీదుగా మరొకటి చుట్టు. ఒక్క రోజులో ఆ ఊళ్లు తిరిగే దారులే ఆ దారాలు. భూమధ్యరేఖ దారం 100 సెంటీమీటర్లు ఉంటే శ్రీహరికోటది 97కు, బారువది 95కు దగ్గరగా రావాలి. అంతకంటే చాలా తక్కువ వస్తే దారం ధ్రువం వైపు జారిందేమో చూసుకుని, అన్నయ్యనో చెల్లినో పట్టుకోమని మళ్లీ చుట్టు.